జ్వరం కొలవటం కూడా అమానతే

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకు బస్సులో వస్తున్నాము. మా వెంట ఉన్న పదేళ్ళ మదర్సా విద్యార్థి సీటుకు తల ఆనించి మగతగా పడుకొని ఉన్నాడు. వాని నుదుటి మీద చేయి ఉంచి చూశాము. వేడి అనిపించలేదు. ఎండకు అలసినాడని అనుకొన్నాము. ఇల్లు చేరిన తరువాత తల్లి థర్మామీటరు పెడితే 103 డిగ్రీల జ్వరం! "మీరు చేయి పెట్టి చూడలేదా, హజ్రత్?" అని ఆమె అడిగింది. చూశాము; కాని మా చేయి మమ్మల్ని మోసగించింది. అల్లాహ్ దయవల్ల బాలుడు కోలుకొన్నాడు.

చేయి వేడిని కొలవదు. ఎదుటిది తనకంటే వేడిగా ఉన్నదా, చల్లగా ఉన్నదా అని మాత్రమే తెలుపుతుంది. వడగాలికి కాగిన అరచేతికి జ్వరపు నుదురు మామూలుగానే తోచింది. పొయ్యి దగ్గర నుండి లేచి వచ్చిన తల్లి చేయి కూడా ఇలాగే పొరబడవచ్చు. దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక చేతిని చన్నీళ్ళలో, మరొక చేతిని గోరువెచ్చని నీళ్ళలో కొంతసేపు ఉంచి, రెండింటినీ ఒకేసారి కుండనీళ్ళలో ముంచండి. ఒకే నీరు ఒక చేతికి వెచ్చగా, మరొక చేతికి చల్లగా తోస్తుంది.

క్రీ.శ. 9వ శతాబ్దిలో అల్‌కిందీ ఔషధాల వేడిని, చలువను దర్జాలుగా లెక్కకట్టే గణితపద్ధతిని వ్రాశారు. యునానీ హకీములు నేటికీ 'రెండవ దర్జా వేడి' అని అంటూ ఉంటారు. అయితే అది మందు గుణానికి సంబంధించిన లెక్క. 1714లో ఫారెన్‌హీట్ పాదరసపు థర్మామీటరును తయారు చేశారు. 1742లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు సెల్సియస్ నీరు గడ్డకట్టే స్థాయికి, మరిగే స్థాయికి నడుమ 100 భాగాలు చేశారు. వేడి తగిలితే పాదరసం వ్యాకోచించి సన్నని గొట్టంలో పైకి ప్రాకుతుంది. జ్వరం చూసే థర్మామీటరులో బుడ్డికి పైన ఒక ఇరుకు ఉంటుంది. అందుచేత ఎక్కిన పాదరసం తనంతట దిగదు, విదిలించి దించాలి. నేటి డిజిటల్ థర్మామీటరు, వేడికి విద్యుత్ నిరోధం మారే చిన్న భాగం ద్వారా అంకెను చూపుతుంది.

పరికరం ఉన్నంత మాత్రాన చాలదు, పెట్టే చోటు కూడా సరిగా ఉండాలి. నంద్యాల వేసవిలో ఎండలో నిలిపిన కారు చూపే అంకెకు, వార్తలలో చెప్పే అంకెకు పొంతన ఉండదు. వాతావరణ కేంద్రంలో థర్మామీటరును నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో ఉంచుతారు. ఎండ పడకుండా పెట్టె తలుపును ఉత్తరానికి పెడతారు. అంటే కొలిచేది నీడలోని గాలి వేడిని. మైదాన ప్రాంతంలో ఆ వేడి 45 డిగ్రీల సెల్సియస్ చేరితే వడగాడ్పుగా, 47 చేరితే తీవ్ర వడగాడ్పుగా భారత వాతావరణ విభాగం పరిగణిస్తుంది.

శరీరం విషయమూ అంతే. వేడి టీ గానీ, చల్లని నీరు గానీ త్రాగిన వెంటనే నోటిలో పెట్టరాదు, అరగంట ఆగాలి. చంకలోని అంకె నోటి అంకె కంటే కొంత తక్కువగా ఉంటుంది. మూడు నెలలు నిండని పసిబిడ్డకు 100.4 డిగ్రీలు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపాలి. ఎండలో తిరిగిన మనిషికి 104 చేరి మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడుపుతూ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఎండ తీవ్రమైనప్పుడు జుహ్ర్ నమాజును కాస్త చల్లబడే వరకు ఆలస్యం చేయమని, జ్వరాన్ని నీటితో చల్లార్చమని దైవప్రవక్త (స) బోధించారు. రోగి ఉపవాసాన్ని ఇతర దినాలలో పూర్తిచేసుకోవటానికి ఖుర్‌ఆన్ అనుమతించింది. రోగమెంతో తెలియకపోతే ఈ సౌలభ్యాన్ని ఎలా వినియోగించుకోగలం? కొందరు ఏమీ లేకుండానే ఉపవాసం వదలుతారు. మరికొందరు మండే జ్వరంలోనూ బిడ్డ చేత ఉపవాసం ఉంచుతారు. కొలతలో న్యాయం పాటించమని సూరె రహ్మాన్ చేసే ఆదేశం అంగడి తక్కెడకే పరిమితమని మేము భావించము. బిడ్డ శరీరం మన వద్ద అల్లాహ్ ఉంచిన అమానత్. దానిని చూసుకొనే ఇంటిలో థర్మామీటరు కూడా ఒకటి ఉండాలి. ఆ ప్రయాణం తరువాత మా సంచిలో ఒకటి ఎప్పుడూ ఉంటున్నది.