వెబ్‌సైటు ధ్రువపత్రము - స్వయముగా సాగు పునరుద్ధరణము

2001 ఫిబ్రవరి 28వ తేదీన కోలారు బంగారు గనులు మూతపడిన పిమ్మట అచ్చటి తెలుగు కుటుంబములు పెక్కు బెంగుళూరునకును, ఇతర స్థలములకును తరలిపోయినవి. ఇట్లు చెదరినవారికి సంఘము నడుపు వెబ్‌సైటే రచ్చబండ కాగలదు. కాని దాని ఎస్‌ఎస్‌ఎల్ ధ్రువపత్రము గడువు తీరినచో, 'ఇది క్షేమము కాదు' అని బ్రౌజరు వాకిటనే అడ్డగించును. పెద్దలు వెరచి మరలిపోవుదురు.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ 2015 డిసెంబరు నుండి ఈ పత్రమును ప్రజలకు ఉచితముగా నొసగుచున్నది. గడువు సామాన్యముగా 90 దినములే. 2029 మార్చి 15 నుండి ఏ సంస్థ యిచ్చు పత్రమునకైనను 47 దినములు మించరాదని 2025లో నిర్ణయమైనది. చేతితో మార్చుకొను పద్ధతి యిక సాగదు.

సర్వరునందు సర్ట్‌బాట్ అను ప్రోగ్రామును నిలిపి, 'సర్ట్‌బాట్ --ఎన్‌జింక్స్ -డి' అను ఆజ్ఞను వ్రాసి, దాని ప్రక్కన సైటు పేరు నీయవలెను. సంస్థ యొక గుర్తును పంపును. సర్ట్‌బాట్ దానిని సైటునందు నిర్ణీత స్థలమున చూపును. సంస్థ 80వ పోర్టు ద్వారా వచ్చి దానిని చదివి, పత్రము నిచ్చును. బంగారు సీమవారికి గీటురాయి తెలియనిది కాదు. అయితే ఈ పరీక్ష సైటు ఎవరి యధీనమున నున్నదో తేల్చును గాని, అందలి మాటల మేలిమిని తేల్చదు.

ఆపై టైమరు దినమునకు రెండుమారులు గడువును చూచి, అది సమీపించినపుడు పత్రమును మార్చును. 80వ పోర్టు నెవరైన మూసినచో ఈ పని చప్పుడు లేక చెడును. లోగడ సంస్థయే ఈమెయిలు ద్వారా హెచ్చరించెడిది. 2025 జూన్ 4న ఆ యేర్పాటు నిలిచిపోయినది. కావున 'సర్ట్‌బాట్ రెన్యూ --డ్రై-రన్' అని అప్పుడప్పుడు పరీక్షించుట సంఘ కార్యదర్శి పనులలో చేరవలెను.