నురుగు మొక్క – రాచపుండు మందు

కుంకుడు రసమున నురుగు లేపునది సపోనిను అను పదార్థము. ఐరోపాలోని సోపువర్టు మొక్కయు నట్టి నురుగునే యిచ్చును. దాని విత్తులలో సపోరినను విషము కలదని 1983లో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్టిర్పే మున్నగువారు వెల్లడించిరి.

ఇట్టి విషమును, రాచపుండు కణములను వెదకి పట్టు మాంసకృత్తునకు జతపరచి మందు చేయుదురు. కాని కణము దానిని మ్రింగి, యొక తిత్తిలో బంధించి, చాలవఱకు జీర్ణించుకొనును! తప్పించుకొన్న రవంతయే పనిచేయును. మోతాదు పెంచినచో రోగి కాలేయమునకే ముప్పు. కొన్ని సపోనినులు ఆ తిత్తినుండి విషమును వెలికి విడిపించును. బెర్లిను పరిశోధకులు జిప్సోఫిలా వేళ్ల సపోనినును జతచేయగా, ఎలుకలలో స్వల్పమోతాదుతోనే కంతులు తగ్గినవి. వైద్యశాలల సాధారణ వాడుకకు ఇది యింకను రాలేదు. కుంకుడు కషాయము త్రాగినచో వాంతులగునే కాని కంతి కరగదు సుమా!