చేపల తొట్టికి వెనక గోడ

ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో పిల్లలు చేపలు కావాలని పట్టుబట్టారు. తండ్రి అద్దాల తొట్టి కొన్నాడు. నాలుగు గప్పీ చేపలు తెచ్చాడు. తొట్టిని బల్ల మీద పెట్టాడు. అద్దంలోంచి వెనక పెచ్చులూడిన గోడ కనిపిస్తోంది. కరెంటు వైరు కనిపిస్తోంది. దుకాణంలో తొట్టి వెనక అందమైన కొండరాళ్ళు ఉన్నాయి. వాటి ధర వింటే గుండె గుభేలుమంది.

తల్లి ఒక ఉపాయం చెప్పింది. "టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ అటక మీద ఉంది. ఇల్లు బాగుచేసినప్పటి సిమెంటు మిగిలింది. మనమే చేసుకుందాం" అంది. ఇంటిల్లిపాదీ కూర్చుని రాతిగోడ లాంటిది చేశారు. మర్నాటికి అది ఆరింది. వెంటనే తొట్టిలో నిలబెట్టారు. నీళ్ళు పోసి చేపల్ని వదిలారు.

తెల్లారేసరికి నాలుగు చేపలూ చచ్చి తేలాయి. చిన్నపిల్ల ఆ పూట అన్నం ముట్టలేదు.

ఉపాయం మంచిదే. మరి చేపలెందుకు చనిపోయాయి?

సిమెంటులో ఏముంది?

సిమెంటు నీళ్ళతో కలిసినప్పుడు సున్నం పుడుతుంది. పైకి గట్టిపడినా లోపలి సున్నం నీళ్ళలోకి ఊరుతూనే ఉంటుంది. ఆ నీళ్ళు ఘాటెక్కుతాయి. చేప మొప్పలతో గాలి పీల్చుకుంటుంది. మొప్పలు చాలా సున్నితం. సున్నపు నీళ్ళకు అవి కాలిపోతాయి. ఆ ఇంట్లో జరిగింది ఇదే. వాళ్ళు చేసిన పనిలో తప్పు లేదు. తొందరలోనే తప్పు ఉంది.

వెనక గోడ ఎందుకు?

అందం కోసమే కాదు. చేపకు కూడా అది అవసరమే. నాలుగు వైపులా అద్దం ఉంటే, ఎటు చూసినా కదిలే మనుషులే కనిపిస్తారు. చేప బెదురుతుంది. వెనక ఒక ముదురు రంగు గోడ ఉంటే కాస్త నిమ్మళంగా ఉంటుంది. దాని ఒంటి రంగు కూడా మనకు బాగా కనిపిస్తుంది.

ఏమేమి కావాలి?

రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు ఉన్న తొట్టికి ఇవి చాలు:

- ప్యాకింగులో వచ్చిన థర్మోకోల్ ముక్కలు
- రెండు కిలోల సిమెంటు
- కడిగిన ఏటి ఇసుక రెండు గుప్పిళ్ళు
- గచ్చుకు వేసే ఎర్ర, నల్ల రంగు పొడి కొంచెం
- చేపల తొట్లు అతికించే సిలికాన్ ట్యూబు ఒకటి
- చాకు, పాత బ్రష్షు

ముగ్గుల్లో వేసే రంగులు వాడకూడదు. అవి నీళ్ళలో కరిగిపోతాయి. ఆయిల్ పెయింటు, థిన్నర్ తగిలితే థర్మోకోలే కరిగిపోతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు నీళ్ళలో నానితే ఊడిపోతుంది. సిలికాన్‌లో కూడా బూజు పట్టకుండా మందు కలిపిన రకం ఉంది. అది చేపలకు విషం. కొనేటప్పుడు "చేపల తొట్టికి" అని చెప్పి అడగండి.

ఎట్లా చేయాలి?

ముందుగా ఊరి పాత దిగుడు బావి దగ్గరకో, వాగు గట్టు దగ్గరకో వెళ్ళి చూడండి. రాయి ఎక్కడా గీత గీసినట్టు ఉండదు. ఒక రాయి ముందుకు ఉంటుంది. ఒకటి వెనక్కి ఉంటుంది. మధ్యలో సందులుంటాయి. సందు లోపల రంగు ముదురు. పైన లేత. దీన్ని మనసులో పెట్టుకోండి.

1. అద్దం కొలత తీసుకోండి. పొడవులో, ఎత్తులో ఒక సెంటీమీటరు తక్కువగా థర్మోకోల్ పలక కోయండి.

2. మిగిలిన థర్మోకోల్‌ను చేత్తో విరవండి. చాకుతో కోస్తే ఇటుకలా ఉంటుంది. విరిస్తే రాయిలా ఉంటుంది. ఆ ముక్కల్ని సిలికాన్‌తో పలక మీద అతికించండి. ఒక రోజు ఆరనివ్వండి. థర్మోకోల్‌ను మంటతో కరిగించొద్దు. ఆ పొగ మంచిది కాదు. రాలిన పొట్టును ఊడ్చి మూట కట్టండి. పశువులు తింటే ప్రమాదం.

3. సిమెంటును దోసె పిండిలా కలపండి. చేతులకు తొడుగులు వేసుకోండి. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. బ్రష్షుతో ముందువైపు, అంచులకు పూయండి. వెనకవైపు పూయకూడదు. అటువైపే అద్దానికి అతకాలి.

4. ఒక రోజు ఆగి రెండో పూత వేయండి. మూడో పూతలో రంగు పొడి కలపండి. సందుల్లో నలుపు ఎక్కువ, పైన తక్కువ. తడి మీదే ఇసుక చల్లండి. నీడలో ఉంచి, నాలుగైదు రోజులు నీళ్ళు చిలకరించండి. ఇంటి గోడకు క్యూరింగు చేసినట్టే.

అసలు పని ఇప్పుడే మొదలు

గోడను పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ముంచండి. తేలకుండా పైన రాళ్ళు పెట్టండి. మొదటి వారం రోజూ నీళ్ళు మార్చండి. తర్వాత రెండు మూడు రోజులకొకసారి మార్చండి. మూడు నాలుగు వారాలు ఇలా నానాలి.

సున్నం పోయిందని తెలిసేదెట్లా? మీ వంటింట్లోనే పరీక్ష ఉంది. దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్ళలో సున్నం కలుపుతారు కదా! నీళ్ళు ఎర్రబడతాయి. అదే పరీక్ష. తెల్ల కాగితానికి తడి పసుపు రాసి ఆరబెట్టండి. టబ్బులో నీళ్ళు మార్చకుండా రెండు రోజులు ఉంచండి. ఆ నీటి చుక్క పసుపు కాగితం మీద వేయండి. ఎర్రబడిందా? ఇంకా సున్నం ఉంది. మళ్ళీ నానబెట్టండి.

పసుపు అలాగే ఉంటే ఇంకొక పరీక్ష చేయాలి. కొద్దిపాటి సున్నాన్ని పసుపు పట్టలేదు. రంగుచేపలు అమ్మే దుకాణంలో పీహెచ్ కాగితం దొరుకుతుంది. కుళాయి నీళ్ళలో ఒకటి, రెండు రోజులు నిలవున్న టబ్బు నీళ్ళలో ఒకటి ముంచండి. రెండూ ఒకే రంగు చూపితే గోడ సిద్ధమైనట్టు.

తొట్టిలో బిగించడం

తొట్టి ఖాళీగా, పొడిగా ఉండాలి. గోడ కూడా బాగా ఆరాలి. థర్మోకోల్ తేలిక. నీళ్ళలో పైకి తన్నుకొస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు, మూడు సెంటీమీటర్ల మందం ఉన్న పలకను నీళ్ళు సుమారు 5 కిలోల బలంతో పైకి నెడతాయి. సిమెంటు బరువు కొంత ఆపుతుంది. అయినా సిలికాన్ దండిగా పెట్టాల్సిందే. వెనక అంతటా గీతలుగా పూసి అద్దానికి అదమండి. చుట్టూ అంచులు కూడా మూసేయండి. సందు మిగిలితే చిన్న చేప వెనక్కి దూరి ఇరుక్కుని చస్తుంది. వారం రోజులు ఆరనివ్వండి. సిలికాన్‌కు పులుపు వాసన ఉంటుంది. అది పూర్తిగా పోవాలి.

తర్వాత నీళ్ళు పోయండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అందుకని ముందురోజే బక్కెట్లలో పట్టి ఉంచిన నీళ్ళు వాడండి. రెండు రోజులయ్యాక పీహెచ్ కాగితంతో మరొకసారి చూడండి. మొదట ఒకటి రెండు చేపలనే వదలండి. అవి వారం రోజులు హుషారుగా తిరిగితే మిగతావి తెచ్చుకోండి.

అంత ఓపిక లేదా?

అయితే ముదురు నీలం కాగితమో, నల్ల గుడ్డో అద్దం బయటివైపు అతికించండి. అది నీళ్ళకు తగలదు. చేపలకు ఏ భయమూ లేదు. దాని ముందు నాలుగు నీటి మొక్కలు నాటితే అదీ అందమే.

"ఆలస్యం అమృతం విషం" అంటారు. సిమెంటు గోడ విషయంలో ఇది తిరగబడుతుంది. ఇక్కడ తొందరే విషం.

గుర్తుంచుకోండి

- ఆరిన సిమెంటు వేరు, సున్నం పోయిన సిమెంటు వేరు.
- పసుపు ఎర్రబడితే చేపల్ని వదలకూడదు.
- గోడ వెనక సందు ఉండకూడదు.

చెప్పండి చూద్దాం

1. పలక వెనకవైపు సిమెంటు ఎందుకు పూయకూడదు?
2. టబ్బు నీళ్ళను రెండు రోజులు నిలవ ఉంచాకే ఎందుకు పరీక్షించాలి?
3. ఆ ఇంట్లో చిన్నపిల్ల మళ్ళీ చేపలు తెమ్మంది. ఈసారి తల్లిదండ్రులు ఏం చేయాలి? వరసగా రాయండి.