త్రాసు చెప్పని మాట
(ఒక వ్యాయామ శిక్షకుని యభిప్రాయము)

నెల దినములలో పది పదునైదు కిలోలు తగ్గింపగలవా యని నన్నడుగుటకు మాసమునకు నలుగురైదుగురైన వచ్చుచుందురు. తగ్గింపజాలనని చెప్పుదును. అంతట వారు చేతిలోని ఫోను తెరచి, అమెరికా టెలివిజనులో స్థూలకాయు డొకడు వారము తిరుగునప్పటికి ఏడు కిలోలు తగ్గి, త్రాసుపై నిలిచి ఆనందబాష్పములు రాల్చు దృశ్యమును నాకు చూపుదురు. “ఇతనికి సాధ్యమైనది మాకేల కాదు?” అని ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట మా వృత్తివారి విధి యని నా నమ్మకము.

“ది బిగ్గెస్ట్ లూజర్” అను నా పోటీ 2004 అక్టోబరులో ఎన్.బి.సి. టెలివిజనున ప్రారంభమై 2016 వరకు పదునేడు పర్యాయములు నడచినది. 2020లో వేరొక ఛానలున మరల తలయెత్తినది. హిందీరూపమున 2007లో మన దేశమునకును వచ్చినది. దాని పద్ధతి యిట్టిది: పోటీదారులను ఇంటినుండియు, ఉద్యోగమునుండియు వేరుచేసి యొకచోట నుంతురు. దినమునకు గంటల తరబడి వ్యాయామము చేయింతురు. ఆహారమును మిక్కిలి కుదింతురు. వారమున కొకమారు లోకము చూచుచుండగా తూకము వేయుదురు. తన బరువులో నూటికెంత తగ్గెనను లెక్కలో వెనుకబడినవారికి ఇంటిదారి పట్టు ప్రమాదము. ఎన్.బి.సి. నాటి పోటీలలో కడపటి విజేతకు రెండున్నర లక్షల డాలర్ల బహుమానము.

ఇందలి గణితమును పాఠకులు స్వయముగా పరిశీలింతురుగాక. ఒక కిలో కొవ్వునందు సుమారు 7,700 కాలరీల శక్తి నిలువయుండును. వారమునకు ఏడు కిలోల కొవ్వు కరగవలెనన్న, తినుదానికంటె దినమునకు 7,700 కాలరీలు అధికముగా వ్యయము కావలయును. సామాన్యుని దినభోజనమంతయు రెండు రెండున్నరవేల కాలరీలకు మించదు. అట్లయిన త్రాసు చూపిన యా బరువు ఎక్కడిది? అందులో చాలభాగము నీరు. ఆహారము తగ్గగానే దేహమున దాచియున్న గ్లైకోజెన్ అను పిండిపదార్థము ఖర్చగును. దానిని పట్టుకొనియున్న, దానికి మూడింతల నీరును వెడలిపోవును. త్రాసునకు నీటికిని కొవ్వునకును భేదము తెలియదు. చూచువారికిని తెలియదు.

తొలి పోటీ విజేత 330 పౌండ్లనుండి 208 పౌండ్లకు దిగినాడు. చివరి తూకమునకు ముందు ఉపవాసముండి, నీరు సయితము మాని, మూత్రమున రక్తము పడువరకు దేహమును శోషింపజేసికొంటినని ఆయనయే పిమ్మట బహిరంగముగా చెప్పినాడు. తగ్గిన బరువును తిరిగి పొందినాడు. ఆ చరిత్ర తెరపై నంత విస్తారముగా కనబడలేదు.

ఇంతకంటె గంభీరమైన సంగతి 2016లో వెల్లడియైనది. కెవిన్ హాల్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 2009 నాటి పోటీలో పాల్గొన్న పదునలుగురిని ఆరు సంవత్సరముల పిదప పరీక్షించిరి. పదుమూడుగురు కొంతగానో పూర్తిగానో బరువు తిరిగి పొందిరి. నలుగురు పూర్వముకంటెను అధికముగా తూగిరి. పోటీలో ఒక్కొక్కరు సగటున 58 కిలోలు తగ్గగా, అందు 41 కిలోలు మరల చేరినవి. వింత యేమనగా, వారి దేహములు విశ్రాంతిగా నున్నప్పుడు వ్యయపరచు శక్తి, అంతటి శరీరమునకు ఉండవలసినదానికంటె దినమునకు సుమారు 500 కాలరీలు తక్కువగా నుండెను. కడుపు నిండినదని మెదడునకు తెలుపు లెప్టిన్ అను పదార్థమును పూర్వస్థితికి రాలేదు. అనగా, దేహము ఆ పోటీని క్షామముగా నెంచి, ఆరేండ్లయినను కాపలా విడువలేదు. ఆకలి హెచ్చినది, ఖర్చు తగ్గినది. ఇట్టివానిని చూచి సోమరియనుట ధర్మమా?

ఇతరులను తప్పుపట్టుటకు ముందు నా తప్పును చెప్పుకొనవలయును. కొన్ని సంవత్సరముల క్రిందట నా వ్యాయామశాలలోనే తొంబది దినముల పోటీ నొకటి నడిపితిని. గెలిచిన యిల్లాలు పదునాలుగు కిలోలు తగ్గినది. ఆమె ఛాయాచిత్రమును గుమ్మమున వ్రేలాడదీసితిని. దానిని చూచి పలువురు చేరిరి. ఏడాది తిరుగకమున్నే ఆమె రాక మానినది. ఒకనాడు కూరగాయల బజారులో ఎదురుపడి, తల వంచుకొని తప్పుకొనబోయినది. పలుకరింపగా, “నాకు మనోనిగ్రహము లేదండీ, మాస్టారూ! ఆ పటము తీసివేయండి,” అన్నది. ఆ సాయంకాలమే తీసివేసితిని. నిగ్రహము లేనిది ఆమెకు గాదు. తొంబదియొకటవ దినమును గూర్చి యాలోచింపని నాకు.

ఆ ప్రదర్శనము వలన మేలే లేదనను. కదలక కూర్చున్నవా రెందరో దానిని చూచి లేచి నడచియుందురు. ఆ పదునలుగురినే పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితములందు, బరువు నిలుపుకొన్నవారు పోటీ ముగిసిన పిమ్మటను దేహశ్రమను అధికముగా సాగించినవారే యని తేలినది. కనుక వ్యాయామము వ్యర్థము కాదు, తొందర వ్యర్థము. కేకలు వేయు శిక్షకుడును, ఏడ్చు శిష్యుడును తెరకు రుచింతురు. వారమునకు నూటయేబది నిమిషముల వడినడక, రెండు దినములు కండలకు పని, వేళకు నిద్ర, అన్నము కొంత తగ్గించి పప్పు కూరలు హెచ్చించిన విస్తరి — వీనిని చూపిన నెవరు కూర్చుండి చూతురు? అయినను సంవత్సరముల తరబడి నిలుచునది ఇదియే.

ఇప్పుడు నా వద్దకు వచ్చువారిని మొదట త్రాసు నెక్కింపను. మెట్లెక్కునప్పు డాయాసము తగ్గినదా, నడుము కొలత మారినదా, రక్తపుపోటు ఎట్లున్నది, అని యడుగుదును. దేహము శత్రువు కాదు, దండించి లొంగదీయుటకు. అది మనతో చిరకాలము కాపురము చేయవలసినది. దానితో బేరము నెమ్మదిగా నడుపువాడే కడపట గెలుచును.