200 యూనిట్ల గీత దగ్గర కరెంటు బండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇళ్లలో ఛార్జింగ్ బండి లెక్క షోరూంలో కంటే మీటర్ రీడర్ ఇచ్చే బిల్లు మీదే తేలుతుంది.

"మూడు జిల్లాల మీద కరెంటు బండ్ల కథనం బుధవారం రాత్రికల్లా కావాలి" అన్నారు ఎడిటర్ గారు. ధరల పట్టీలు, రేంజి లెక్కలు సంచిలో వేసుకుని బయల్దేరాను. జనగామలో మా బావ ఇంటికి చేరేసరికి అవన్నీ పక్కకు పోయాయి. వరండాలో స్కూటర్ ఛార్జింగ్‌లో ఉంది. మీటర్ రీడర్ రీడింగ్ కొట్టి, మిషన్‌లోంచి జానెడు కాగితం చించి ఇచ్చాడు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు యూనిట్లే చూసింది. "నూట తొంభై ఆరు. బతికినం" అంది.

ఆ మాటలోనే ఉంది అసలు కథ. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి అర్హులైన తెల్లరేషన్‌కార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. గీత దాటితే పైన వాడినదానికే కట్టి ఊరుకోవడం కుదరదు, మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. అప్పుడు మొదటి 200కు యూనిట్ రూ.5.10, ఆపైన 300 దాకా రూ.7.70.

బిల్లు వెనకే పెన్నుతో లెక్క వేశాం. మూడు యూనిట్ల బ్యాటరీతో స్కూటర్ దాదాపు 100 కిలోమీటర్లు పోతుందనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, ఛార్జింగ్‌లో పోయేది కలుపుకొని 35 యూనిట్లు. ఇంట్లో 175 వాడే కుటుంబం 210కి చేరుతుంది. బిల్లు రూ.1,097, ఇతర ఛార్జీలు అదనం. అదే దూరానికి లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే పెట్రోల్ బండికి 20 లీటర్లు కావాలి. లీటరు రూ.107 చొప్పున రూ.2,140. జీరో బిల్లు పోయినా కరెంటు బండిదే పైచేయి.

అయినా అక్క భయం అక్కది. పెట్రోలు డబ్బు బావ జేబులోంచి రోజుకింత పోయేది, ఎవరికీ కనబడేది కాదు. కరెంటు బిల్లు మాత్రం అక్క దాచుకున్న డబ్బాలోంచి ఒక్కసారే పోతుంది. ఫ్యాను, ఫ్రిజ్ ఆగని మే నెలలో ఆ 35 యూనిట్లకు చోటెక్కడిది?

భూపాలపల్లిలో షిఫ్టుకు పోయొచ్చే సింగరేణి కార్మికుడికి దగ్గరి దూరమే కాబట్టి ఈ బండి చక్కగా సరిపోతుంది. హనుమకొండకు పోయి రావాలంటే మాత్రం దారిలో ప్లగ్గు వెతుక్కోవాలి. మానుకోట (మహబూబాబాద్)లో అద్దె ఇంటి మేడ మీద ఉండేవాళ్లు ముందు ఓనర్‌ను అడగాలి.

చరిత్ర క్లుప్తంగా: రాష్ట్రం 2020లో ఈవీ పాలసీ తెచ్చి మొదటి 2 లక్షల ద్విచక్ర వాహనాలకు రోడ్డు టాక్స్ మాఫీ చేసింది. 2024 నవంబర్‌లో జీవో 41తో ఆ పరిమితి ఎత్తేసి, 2026 డిసెంబర్ 31 దాకా టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది.

నాకు ఈ బండి మీద ఇష్టం ఉంది. పొగ లేదనడం పూర్తి నిజం కాదని కూడా తెలుసు, చెల్పూరులోని కాకతీయ థర్మల్ ప్లాంటు 1,100 మెగావాట్లు బొగ్గుతోనే తీస్తుంది. కానీ జనగామ వీధిలో బిడ్డను బడికి దింపే తల్లి ముక్కుకు పొగ తగలదు. టాక్స్ వదులుకున్న సర్కారు, పచ్చ ప్లేటు బండి ఉన్న పేదింటికి ఆ గీతను 40 యూనిట్లు పైకి జరపాలి. అప్పుడు బండికి ఛార్జింగ్ పెట్టే ఇల్లాలు బిల్లుకు భయపడదు.

బావ స్విచ్ ఆపొచ్చాడు. అక్క రీడింగ్ తేదీని క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టింది.

పచ్చ ప్లేటు
భూపాలపల్లి టీజీ 25, మహబూబాబాద్ 26, జనగామ 27. సొంత బండికి పచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు, కిరాయి బండికి పసుపు అక్షరాలు.

ఎండాకాలం జాగ్రత్త
2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఓ వృద్ధుడు చనిపోయారు. ఆ ఏడాది ప్రమాదాల తర్వాత బ్యాటరీ భద్రతా ప్రమాణాలు కఠినమయ్యాయి. ఎండలో తిరిగొచ్చిన బండిని చల్లారనిచ్చాకే ప్లగ్గు పెట్టండి. పడుకునే గదిలో ఛార్జింగ్ వద్దు.