అడవిదారి నెఱిగించు కన్ను

నాయుడుపేట వద్ద 16వ జాతీయ రహదారినుండి విడివడిన 71వ రహదారి శ్రీకాళహస్తి మీదుగ తిరుపతి వైపునకు సాగుచున్నది. స్వర్ణముఖి యొడ్డున నుండు ఈ యూరివారికి తిరుమల పొరుగిల్లువంటిది. మ్రొక్కుబడి గల తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని అలిపిరి మెట్లెక్కుట తరతరముల యాచారము. 2023వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీ రాత్రి ఆ మెట్లదారిలో నెల్లూరు జిల్లాకు చెందిన ఆఱేండ్ల బాలిక చిఱుతపులి వాత బడినది. అంతకు ముందు జూన్ నెలలో ఆ దారిలోనే యొక బాలుడు చిఱుత నోటబడియు ప్రాణములతో బయటపడెను.

ఇట్టి వార్త విన్నప్పుడు దారి కిరుప్రక్కల కంచె వేసిన చాలుననుట సహజము. కాని సోదరీమణులారా, పాలు త్రాగిపోవు పిల్లి యే కిటికీనుండి వచ్చుచున్నదో యెఱుగక ఒక కిటికీ మూసిన, అది వేఱొక కిటికీనుండి రాదా? శేషాచలపు టడవి మృగముల నివాసము. 1989లో అందు శ్రీ వేంకటేశ్వర జాతీయ వనము ఏర్పడినది. నీటికొఱకును, ఆహారముకొఱకును అవి దారిని దాటక తప్పదు. దాటు త్రోవ విడువక కంచె వేసితిమేని, కంచె ముగియు చోటికే అవి చేరును. కావున ఏ జంతువు, ఏ తావున, ఏ వేళ దాటుచున్నదో ముందు తెలిసికొనవలయును.

ఆ పని చేయునదే ట్రాప్ కెమెరా. చెట్టు మొదట కట్టిన ఈ చిన్న పెట్టె, తనముందు వేడిగల ప్రాణి కదలినంతనే మనుష్యుడు లేకయే బొమ్మ తీసి, తేదీని వేళను గుర్తించును. మన వ్రేలిముద్రలవలెనే చిఱుత మచ్చలును, పులి చారలును ఒకదాని కున్నట్లు వేఱొకదాని కుండవు. అందుచే దారి కిరువైపుల కెమెరాలుంచి, రెండు ప్రక్కల బొమ్మలు తీసినచో, పదిసారులు దాటినది ఒక్క చిఱుతయో, పది చిఱుతలో తెలియును. ఈ యుపాయము క్రొత్తది కాదు. చాంపియన్ అను అటవీశాఖాధికారి 1920వ దశకములోనే ఉత్తర హిందూస్థానపు టడవులలో, పులి కాలు తీగకు తగిలినంతనే వెలుగు వెలిగి బొమ్మ పడునట్లు చేసెను.

హైదరాబాదు మీదుగ నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారి పెంచ్ అడవిని చీల్చుకొని పోవుచున్నది. అచ్చట మహారాష్ట్ర భాగమున మృగములు నడచుటకై రోడ్డు క్రింద 9 దారులు విడిచిరి. కట్టినంత మాత్రమున మృగములు వానిని వాడునా యను సందేహము తీర్చుటకు, డెహ్రాడూనులోని భారత వన్యప్రాణి సంస్థవారు 2019లో 78 కెమెరా లుంచిరి. 18 జాతుల జంతువులు ఆ దారుల వెంట నడచినవి. పులులే 89 సారులు కానవచ్చినవి. పైన బండ్లు, క్రింద పులులు, ఒకరిజోలి కొకరు పోక సాగుచున్నారు.

తిరుమల దారిలో సైతము అటవీశాఖవారు కెమెరాలు పెట్టి, చిఱుతలు తిరుగు తావులు గుర్తించి బోను లుంచిరి. 2023 జూన్ మొదలు సెప్టెంబరు వఱకు 6 చిఱుతలు చిక్కినవి. మధ్యాహ్నము 2 గంటల తరువాత చిన్నపిల్లలను మెట్లదారిని పోనీయరాదని దేవస్థానమువారు కట్టడి చేసిరి. నడచువారికి చేతికఱ్ఱ లిచ్చిరి. కాని చిక్కిన చిఱుతను తొలగించిన, ఖాళీయైన చోటికి వేఱొకటి వచ్చుట మృగస్వభావము. కావున బోనుతో పని ముగియదు. కెమెరా చూపిన త్రోవలను బట్టి, మనుష్యుల దారిని మృగముల దారిని వేఱుచేయుటయే నిలుకడగల యుపాయము.

మనము చేయదగినదియు కలదు. మెట్లప్రక్కన పాఱవేసిన యెంగిలి యాకులకు కుక్కలును అడవిపందులును చేరును. వానికొఱకు చిఱుత వచ్చును. తినగా మిగిలినదానిని మూటగట్టి తొట్టిలోనే వేయుడు. బిడ్డను ముందు పరుగెత్తనీయక చేయి పట్టుకొని, గుంపుతో కలిసి, ప్రొద్దుండగనే కొండ యెక్కుడు. ఆ చిన్నారి తల్లి కడుపుకోత మఱియొక తల్లికి రాకుండుగాక.