మజిలీ కథ, తెర మీది కథ

కాశీకి పోయినవాడూ, కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దలు సామెత చెప్పినారు. రైలుబండి రాకముందు ఆ మాటలో అతిశయోక్తి లేదు. అడవులు, ఏరులు, దొంగలు, విషజ్వరాలు, వీటినన్నింటినీ దాటుకొని నెలల తరబడి నడవవలసిన దారి అది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణం నుండి బయలుదేరి, కాశీ సేవించి, మన కోస్తా జిల్లాల మీదుగా తిరిగి ఇల్లు చేరేసరికి 1831వ సంవత్సరం సగానికి పైగా గడచిపోయినది. పగలు ప్రయాణం, రాత్రి మజిలీ. మజిలీ అంటే బాటసారి మూట దించి, మూడు రాళ్లు పేర్చి పొయ్యి రాజేసుకొనే చోటు. అన్నం ఉడికేలోగా అక్కడ ఏదో ఒక కథ పుట్టవలసినదే.

అనకాపల్లి వారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. మద్రాసు నుండి కలకత్తా పోయే పెద్దదారి మీది ఊరు ఇది. చుట్టుపట్ల గ్రామాల నుండి బెల్లం దిమ్మలు వేసుకొని బండ్లు రాత్రివేళ బారులు తీరి వచ్చిన రోజులను గురించి మా తాతగారి తరం వారు చెప్పగా విన్నాను. బండి తోలేవాడు కునుకు తీయకుండా వెనుక కూర్చున్నవాడు కథ చెప్పేవాడట. తోలేవాడు ఊ కొట్టడం మానివేస్తే కథ ఆగిపోయేదట. ఈ ఊ కొట్టడమన్నది చిన్న విషయం కాదు. కథకు ప్రాణవాయువు అదే. ఇప్పుడు చెప్పబోయే సంగతికి కూడా అదే కీలకం.

మన భాషలో మజిలీలనే పునాదిగా చేసుకొని కట్టిన కథాసౌధం ఒకటి ఉన్నది. అది మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు. దీక్షితులుగారు 1868లో జన్మించి 1928లో కీర్తిశేషులైనారు. పన్నెండు భాగాలుగా సాగిన ఆ గ్రంథానికి ఆధారమైన కథ చాల చిన్నది. మణిసిద్ధుడనే బ్రాహ్మణుడు కాశీకి పోదలచినాడు. ఒంటరి ప్రయాణం తగదు గనుక తోడు కావలెను. చదువుకున్నవారెవ్వరూ కదలలేదు. చివరకు పసులకాపరి కుర్రవాడొకడు వచ్చెదనన్నాడు, కాని ఒక షరతు పెట్టినాడు. మజిలీ చేసిన ప్రతి ఊరిలో తాను చూచిన వింతకు కారణం చెప్పవలెను. చెప్పలేకపోతే ఆ క్షణమే వెనుదిరిగి పోవును.

ఈ ఒప్పందంలోని చమత్కారాన్ని గమనించండి. అయ్యవారు వంట ప్రయత్నంలో ఉండగా కుర్రవాడు ఊరు చూడబోతాడు. ఏదో ఒక విచిత్రం కంటపడుతుంది. పరుగున వచ్చి ఇదేమని అడుగుతాడు. ఆ ప్రశ్న లేనిదే కథ లేదు. పండితుడు ఎంతటివాడైనా పసులకాపరి సందేహం తీర్చితే గాని కాశీ దిక్కుగా ఒక్క అడుగు కూడా వేయలేడు. గురువు ముందు నడచినా, కథను నడిపించేవాడు శిష్యుడే.

ఆ మజిలీలలోని కథ ఒకటి తెరకెక్కి తెలుగునాట సంచలనం కలిగించినది. 1951 మార్చి 15న విడుదలైన పాతాళభైరవి అది. నిర్మించినది విజయా సంస్థ. దానికి అధిపతులైన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947లో చందమామ పత్రికను ప్రారంభించినవారు. పిల్లలకు కథ ఎట్లా చెప్పవలెనో ఎరిగిన చేతులవి. కె.వి. రెడ్డిగారు దర్శకత్వం వహించినారు. పింగళి నాగేంద్రరావుగారు రచన చేసినారు. ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం దానికి అమరినవి. తోటరాముడుగా నందమూరి తారకరామారావుగారు, నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావుగారు ఆ ఒక్క చిత్రంతో ప్రజల మనస్సులలో స్థిరపడినారు.

తెర కథను ఏమి చేసినదో చూడండి. పుస్తకంలో కథలోనుండి కథ పుడుతుంది. ఒక రాకుమారుని వెంట బయలుదేరిన పాఠకుడు ఇంకొక రాకుమారుని వివాహంలో భోజనం చేసి, మొదటివాని సంగతి మరచిపోయిన వేళ మళ్లీ వాని దగ్గరకు చేరుతాడు. మూడు గంటల చిత్రానికి అంత తీరిక ఎక్కడిది? అందుచేత పింగళివారు ఒకే దారి పట్టినారు. తోటమాలి కొడుకు రాకుమార్తెను వలచినాడు. తనతో సమానమైన సంపద తెమ్మని రాజు పంతం పట్టినాడు. కోరినదెల్ల ఇచ్చే ప్రతిమకై వీరుని బలి ఇవ్వదలచిన మాంత్రికుడు వానిని చేరదీసినాడు. బలి ఇవ్వబోయినవాడే బలి అయినాడు. ప్రతిమ తెచ్చిన మేడ, ఆ ప్రతిమ చేయి జారగానే మాయమైనది. అప్పుడు రామునికి మిగిలినవి తన ధైర్యం, అంజిగాని స్నేహం మాత్రమే. మంత్రంతో వచ్చినది మంత్రంతోనే పోతుందనీ, మనిషి వెంట నిలిచేది అతని సాహసమేననీ ఉపన్యాసం లేకుండానే ప్రేక్షకునికి బోధపడినది. ఇది తెర చేసిన మేలు.

తెర వలన కలిగిన నష్టం కూడా ఒకటి ఉన్నది. మణిసిద్ధుడూ పసులకాపరీ చిత్రంలోనికి రాలేదు. ప్రశ్న అడిగేవాడు దారిలోనే మిగిలిపోయినాడు.

పాతాళభైరవిలో అరేబియా కథలలోని అల్లాఉద్దీన్ అద్భుతదీపం పోలికలు కూడా ఉన్నవని విమర్శకులు చెప్పుదురు. పేదింటి కుర్రవాడు, వానితో పని చేయించుకోదలచిన పరదేశపు మాంత్రికుడు, రాత్రికి రాత్రి లేచిన మేడ, ఈ మూడూ అక్కడివే. చిత్రమేమంటే, ఆ అల్లాఉద్దీన్ అరబ్బు దేశపు వాడు కాడు. సిరియా దేశీయుడైన హన్నా దియాబ్ 1709లో పారిస్ నగరంలో గాలాన్ అనే ఫ్రెంచి పండితునికి చెప్పిన ఆ కథలో కుర్రవాని స్వస్థలం చీనా దేశం. కథలకు పొలిమేరలు లేవనడానికి వేరే సాక్ష్యమెందుకు?

ఇక చీనా వారు తమ సాహసగాథలను ఏ విధంగా తెరకెక్కించుకున్నారో చూచుట ఉచితం. వారి సాహిత్యంలో వూషియా అనే శాఖ ఒకటి ఉన్నది. వూ అంటే యుద్ధవిద్య. షియా అంటే ధర్మం కొరకు ఆ విద్యను వినియోగించే వీరుడు. ఈ శాఖలో అగ్రగణ్యుడు జిన్ యోంగ్ అనే కలంపేరు గల పత్రికా రచయిత. 1924లో జన్మించి 2018లో మరణించినాడు. డేగను నేలకూల్చిన వీరుల గాథ అని చెప్పదగిన ఆయన నవల 1957 జనవరి నుండి 1959 మే వరకు హాంకాంగు దినపత్రికలో ధారావాహికగా వెలువడినది. రోజుకొక భాగం, అనగా రోజుకొక మజిలీ!

ఆ నవలలోని నాయకుడు గువో జింగ్ మందబుద్ధి. చెంఘిజ్ ఖాను కొలువులో, మంగోలు గడ్డిమైదానాలలో పెరిగినవాడు. ఏడుగురు గురువులు కలసి నేర్పినా వానికి విద్య త్వరగా పట్టుబడదు. తెలివితేటలన్నీ వాని చెలి హువాంగ్ రోంగ్‌వి. ఆమె రుచికరమైన వంటలు చేసి పెట్టి, భిక్షకుల నాయకుడైన ఒక మహావీరుని చేత తన ప్రియునికి విద్య చెప్పించుకొంటుంది. పెంచిన ఖానుకూ కన్న దేశానికీ వైరం వచ్చినప్పుడు, ఆ మందబుద్ధియే ధర్మమేదో ముందుగా తెలుసుకొంటాడు. మన తోటరాముని వలెనే వీనికీ రాచపుట్టుక లేదు. ఉన్నది మనోధైర్యమే.

ఈ నవల 1958లోనే చలనచిత్రమైనది. 1977లో హాంకాంగులోని షా సోదరుల సంస్థ మరల తీసినది. అయితే ప్రజల హృదయాలకు చేరువైనది 1983లో టెలివిజన్‌లో 59 భాగాలుగా వచ్చినప్పుడే. ఆ తరువాత కూడ తరానికొకసారి దానిని కొత్తగా తీయుచునే ఉన్నారు. 2025లో సైతం పెద్ద చిత్రమొకటి వెలువడినది. కారణం సులభం. వినోదశాల మూడు గంటలలో ఇమడ్చలేని మజిలీలను టెలివిజన్ తిరిగి సమకూర్చగలిగినది. ఈ పూటకు ఆపి, తరువాత ఏమయినదో రేపు చెప్పెదనన్న పాత ఒడుపు మరల చేతికి వచ్చినది. మరొక విశేషం. జిన్ యోంగ్ 1970 దశకంలో నవలను సవరించినప్పుడు, పల్లెలో జనం నడుమ నిలిచి కథ చెప్పే కథకునితో దానిని ప్రారంభించినాడు. తన మూలం ఎక్కడున్నదో ఆయన మరువలేదు.

మన జానపద చిత్రాల వెలుగు క్రమంగా తగ్గినది. కె.వి. రెడ్డిగారి వద్ద పని నేర్చిన సింగీతం శ్రీనివాసరావుగారు 1994లో భైరవద్వీపం తీసి ఆ దీపాన్ని మరల వెలిగించినారు. కాని పన్నెండు భాగాల మూలగ్రంథం మాత్రం గ్రంథాలయపు బీరువాలలో దుమ్ము పట్టి ఉన్నది. దాని పాతకాలపు భాష నేటి పిల్లలకు కొరుకుడు పడదు. వారిని తప్పు పట్టి లాభం లేదు. చదివి చెప్పవలసినది మనము.

మా నాయనమ్మ అక్షరం ముక్క ఎరుగదు. చెరకు ఆడే రోజులలో, గానుగ దగ్గర పాకం మరుగుతూ ఉండగా, తాను ఎవరివద్దనో విన్న మజిలీ కథలను మాకు చెప్పేది. పొయ్యి వెలుగులో రాక్షసులు నిజంగానే కదలేవారు. పాకం ముదిరి దించే వేళకు, రాకుమారుడు గుహలో అడుగు పెట్టిన చోట ఆపివేసి లేచిపోయేది. మరునాడు మేము వెళ్లి అడగక తప్పేది కాదు. పాతాళభైరవిని నేను మొదటిసారి దూరదర్శన్‌లో చూచినప్పుడు, ఆనందంతో పాటు చిన్న వెలితి కూడా కలిగినది. తెర మీది మాంత్రికుడు అద్భుతమే. కాని నేను మధ్యలో ఎందుకని అడిగితే, ఆయన ఆగి బదులు చెప్పలేదు.

చిత్రాలను చూడవలసినదే, పిల్లలకు చూపవలసినదే. చూపిన రాత్రి, దీపం ఆర్పేముందు, ఆ కథనే మన నోట మరొకసారి చెప్పుదము. సగంలో ఆపుదము. తెల్లవారి, తరువాత ఏమయినదని ఆ పసివాడు అడిగినాడా, పసులకాపరి తిరిగి వచ్చినట్లే. ఇక కాశీ ఎంత దూరమైనా భయం లేదు.